కంప్యూటర్ నమూనాలో కీలు: పుట్టుపూర్వోత్తరాలు

యంత్రంలో రెండు భాగాలు కలిసేచోట ఏ కదలికకు వీలుండాలో, దేనికి ఉండకూడదో తేల్చేది కీలు. తలుపు బందు తిరగనిస్తుంది కానీ జరగనివ్వదు. సొరుగు పట్టాలు జరగనిస్తాయి కానీ తిరగనివ్వవు. కీలును ఆకారాన్ని బట్టి కాక అది అనుమతించే కదలికను బట్టి గుర్తించే పద్ధతిని స్థిరపరచినవాడు జర్మన్ ఇంజినీరు ఫ్రాంజ్ రూలో. 1875లో వెలువడిన యంత్రగతి గ్రంథంలో ఆయన యంత్రాన్ని విడి భాగాల పోగుగా కాక, ఒకదాన్నొకటి కట్టడి చేసుకునే జతల గొలుసుగా చూశాడు. రెండు తలాలు పూర్తిగా ఆనుకుని కదిలే జతలను ఆ తర్వాతి పాఠ్యపుస్తకాలు ఆరు రకాలుగా లెక్కించాయి. ఆయన పద్ధతిలో తయారైన నమూనాలను అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయం 1882లో కొన్నది. అవి ఇప్పటికీ అక్కడ ఉన్నాయి.

ఈ ఆలోచన కంప్యూటర్‌లోకి వచ్చింది 1963లో, ఎంఐటీలో ఐవాన్ సదర్లాండ్ తయారుచేసిన స్కెచ్‌ప్యాడ్‌తో. గీతల మధ్య సంబంధాలు చెబితే చాలు, బొమ్మను అందుకు తగ్గట్టు సర్దే పని అదే చూసుకునేది. కడ్డీల అమరికలో ఒక కొసను లాగితే మిగతావి వెంట కదిలేవి. అయితే అదంతా కాగితం మీది బొమ్మలా చదునైన లోకం.

మూడు కొలతల్లో అసలు మలుపు 1975లో ఎడిన్‌బరో విశ్వవిద్యాలయంలో వచ్చింది. అక్కడ ఆంబ్లర్, పాపుల్‌స్టోన్ అనే పరిశోధకులకు కావలసింది డ్రాయింగ్ కాదు, రోబోకు పని చెప్పడం. ఈ ముఖం ఆ ముఖానికి ఆనాలి, ఈ కడ్డీ ఆ రంధ్రంలో ఇమడాలి అని వాక్యాల్లా రాసిస్తే, భాగాలు ఎక్కడెక్కడ ఉండాలో కంప్యూటర్ లెక్కగట్టేది. ఆ బాటలోనే రాప్ట్ అనే రోబో భాష పుట్టింది. స్క్రిప్టుతో కీళ్లు (జాయింట్లు) పెట్టడం ఈమధ్య పోకడ అనుకుంటారు గానీ, నిజానికి తర్వాత వచ్చింది మౌసుతో పెట్టడమే.

1988 నాటి ప్రో/ఇంజినీర్, 1995లో వచ్చిన సాలిడ్‌వర్క్స్ అనే డిజైన్ ప్యాకేజీలు ఈ సంబంధాలను సామాన్య డిజైనర్ బల్ల మీదికి తెచ్చాయి. సాలిడ్‌వర్క్స్ వీటిని మేట్లు అంది. వీటిది తీసివేత లెక్క. గాల్లో వదిలేసిన భాగానికి ఆరు స్వేచ్ఛలు: మూడు దిక్కుల్లో జరగడం, మూడు అక్షాల చుట్టూ తిరగడం. రెండు రంధ్రాల అక్షాలను కలిపితే నాలుగు పోతాయి. పక్క ముఖాలను ఆనిస్తే జరగడం కూడా పోయి తిరగడం ఒక్కటే మిగులుతుంది. అంటే ఒక్క బందుకు రెండు మేట్లు. వందల బోల్టులున్న అమరికలో ఈ క్లిక్కులతో చేతులు పడిపోతాయి, అందుకే విజువల్ బేసిక్ మాక్రోలకు గిరాకీ పెరిగింది. మాక్రో రికార్డర్ మాత్రం ముఖాన్ని ఎక్కువగా క్లిక్ పడిన బిందువు నిర్దేశాంకాలతో రాసుకుంటుంది. భాగం కొన్ని మిల్లీమీటర్లు జరిగితే చాలు, అదే మాక్రో పక్క ముఖాన్ని పట్టుకుంటుంది.

ఆ తర్వాతి తరం ప్యాకేజీలు చుట్టూ తిరిగి రూలో దగ్గరికే చేరాయి. ఫ్యూజన్‌లో ముఖాలను ఒక్కొక్కటిగా కట్టడి చేయనక్కర్లేదు, కావలసిన కదలికను అడిగితే సరి. కదలకుండా బిగించేది, తిరిగేది, జరిగేది, బంతి కీలు వగైరా ఏడు రకాల జాయింట్లున్నాయి. పైథాన్‌లో తలుపు బందు పెట్టాలంటే చట్రం మీద ఒక వృత్తపు అంచు, రెక్క మీద ఒక వృత్తపు అంచు పట్టుకోవాలి. రెంటినీ జాయింట్ జ్యామితులుగా మార్చి, తిరిగే కదలికను ఎంచి, అక్షం చెప్పి, జాయింట్ల జాబితాకు చేర్చాలి. తలుపు తొంభై డిగ్రీల దగ్గర ఆగాలంటే ఇవ్వాల్సింది 90 కాదు, 1.5708. అక్కడ కోణాలు రేడియన్లలో, పొడవులు సెంటీమీటర్లలో ఉంటాయి. 25 మిల్లీమీటర్ల ఎడానికి 25 అని రాస్తే తలుపు చట్రానికి పావు మీటరు దూరాన నిలబడుతుంది.

జాయింట్ల రకం కుదిరినా సంఖ్య కుదరాలి. నాలుగు కడ్డీలను నాలుగు తిరిగే కీళ్లతో చట్రంలా కలిపితే, కదలగల మూడు కడ్డీలకు 18 స్వేచ్ఛలు, నాలుగు కీళ్లు తీసేసేవి 20. లెక్క ప్రకారం అది కదలకూడదు. అక్షాలన్నీ సమాంతరంగా ఉండటం వల్ల కదులుతుంది. బలాల విశ్లేషణకు ఈ మిగులు కట్టడి చిక్కే. ఒక కీలును బంతి కీలుగా, ఇంకొకదాన్ని తిరుగుతూ జరిగేదిగా మారిస్తే తీసివేత 17కు దిగి, ఒకే ఒక్క కదలిక మిగులుతుంది.

స్వతంత్ర సాఫ్ట్‌వేర్ ఫ్రీక్యాడ్‌లో సొంత అసెంబ్లీ విభాగం 2024 నవంబరులో వచ్చిన 1.0 వెర్షన్‌తో చేరింది. ముఖాల పేర్ల బెడదకు మందు కూడా అదే వెర్షన్‌లో మొదలైంది. అంతకుముందు ఆరో ముఖానికి కట్టిన సంబంధం, మధ్యలో ఒక రంధ్రం వేస్తే ముఖాల వరుస మారి మరో ముఖానికి అంటుకునేది. ఆన్‌షేప్ వంటి ప్యాకేజీలు భాగం మీదే ఒక అక్షాల గుర్తు పెట్టుకుని, జాయింట్‌ను ఆ గుర్తుకు కట్టే దారి పట్టాయి. స్క్రిప్టు రాసేవారు ఏ ప్యాకేజీలోనైనా ఇదే దారి పట్టడం మేలు. ముఖం నంబరును నమ్ముకున్న జాయింట్ డిజైన్‌లో మొదటి మార్పు దాకానే నిలుస్తుంది.