గరిక పెద్దరికం, గడ్డిచామంతి కాపురం

వినాయక చవితి దగ్గర పడితే పత్రికలవాళ్లకు పత్రి గుర్తొస్తుంది. 21 ఆకుల జాబితా, వాటి ఔషధ గుణాలు, పక్కన ఒక రంగుల బొమ్మ. ఈ ఏడు ఆ పని నా నెత్తిన పడింది. జాబితా మీకు నోటికి వచ్చే ఉంటుంది కనుక అందులోంచి గరికను ఒక్కదాన్నే తీసుకుంటున్నాను. దానికి జోడీగా, ఏ జాబితాలోనూ చోటు దొరకని గడ్డిచామంతిని. ఇల్లు కట్టుకుని వాకిట్లో ఏం పెంచాలా అని ఆలోచించేవాళ్లకు కూడా ఈ రెండింటి కథ పనికొస్తుంది.

ఖమ్మం నుంచి సూర్యాపేట పోయే దారిలో కూసుమంచి. ఊళ్లో గణపేశ్వరాలయం, దగ్గర్లోనే ముక్కంటేశ్వరాలయం. కాకతీయ గణపతిదేవుడి కాలంలో, అంటే 1199కి, 1262కి మధ్య కట్టిన గుడిగా గణపేశ్వరాలయానికి పేరు. లోపలి శివలింగం ఎంత పెద్దదో చూసినవాళ్లు ఊరికెళ్లాక కూడా చేతులు చాపి చూపిస్తారు. ఇలాంటి పాత గుళ్ల దగ్గర నేను రాతి శిల్పం కన్నా ముందు రాళ్ల సందులు చూస్తాను. నేలను పట్టుకుని కణుపు కణుపుకీ వేరు దించుతూ పాకేది గరిక. ఆ పచ్చదనంలోంచి జానెడు సన్నటి కాడ లేపి, పసుపు బొడ్డు చుట్టూ నాలుగైదు లేతపసుపు రేకులు పరిచేది గడ్డిచామంతి. వంగి చూడండి, ఒక్కో రేకు చివర మూడు పళ్లుగా చీలి ఉంటుంది.

గరికది పెద్దింటి చరిత్ర. ఋగ్వేదం పదో మండలంలోనే దూర్వ ఉంది. అనలాసురుణ్ని మింగిన గణపతికి ఒంట్లో మంట చల్లార్చింది గరికేనని పురాణం. పత్రిపూజలో నాలుగో స్థానం దానిదే. మొదటి స్థానం మాచిపత్రిది, అది వృక్షశాస్త్రం లెక్కన చామంతి కుటుంబం మనిషి. అంటే గడ్డిచామంతికి దూరపు బంధువు గణపతి పూజలో ముందు వరసలో కూర్చుంది, తాను మాత్రం గుమ్మం బయట.

కాకతీయులు చెరువులు తవ్వించారు, గుళ్లకు తోటభూములు రాసిచ్చారు. ఆ తోటల్లో కాలికింద ఏ గడ్డి ఉండేదో శాసనం చెక్కినవాడికి పట్టలేదు. అక్కడి నుంచి ఒక్క గంతు వేస్తే గోలకొండ. మహమ్మద్ కులీ కుతుబ్ షా తన తోట మీద దక్కనీలో కవిత కట్టాడు గానీ అందులోనూ పండ్లదీ పూలదే హడావుడి. ఇంకో గంతు వేస్తే 1753, స్వీడన్. వృక్షశాస్త్రవేత్త లిన్నేయస్ ఆ ఏడు అచ్చేసిన పుస్తకంలో గరిక ఉంది, ఉష్ణ అమెరికా మొక్క అయిన గడ్డిచామంతీ ఉంది. మన గుడి సందుల్లో కలిసి కాపురం చేసే ముందే ఆ రెండూ ఒక పుస్తకంలో ఇరుగుపొరుగులయ్యాయన్నమాట. 1781 నుంచి పన్నెండేళ్లు మన సామర్లకోటలో ఉన్న వృక్షశాస్త్రవేత్త విలియం రాక్స్‌బర్గ్ మొక్కల తెలుగు పేర్లు కూడా అడిగి రాసుకున్నాడు. కలకత్తాలో జడ్జిగా ఉన్న సర్ విలియం జోన్స్ అయితే గరిక పువ్వును భూతద్దం కింద పెట్టి మురిసిపోయాడు, కెంపులూ పచ్చలూ కదులుతున్నట్టుందని. మనం రోజూ తొక్కేదాన్ని ఎవరో వచ్చి భూతద్దంలో చూసి చెప్పాలి, ఏం చేస్తాం!

దొరల గుర్రాలకూ గరికే కావాలి. 1806లో వెలసిన సికింద్రాబాదు వంటి దండుల్లో గుర్రాన్ని చూసుకోవడానికి సైసు, దాని మేతకు గడ్డి చెక్కేవాడు ఉండేవారు. గరికను వేరుతో సహా చెక్కి, మట్టి దులిపి, మోపు కట్టి తేవాలి. అదే గడ్డిని మేపకుండా, పూజించకుండా, ఊరికే కత్తిరించి చూస్తూ కూర్చునే ఆచారం ఇంగ్లండుది. 1830లో ఎడ్విన్ బడ్డింగ్ గడ్డి కోసే యంత్రం కనిపెట్టాక అది మధ్యతరగతి వాకిళ్లకూ పాకింది. కర్జన్ దొర వైస్రాయిగా ఉన్న కాలంలో తాజ్‌మహల్ తోటలో గుబురు చెట్లు పోయి పచ్చిక పరుచుకుంది. ఆ తర్వాత దేశంలో పాత కట్టడం ఎక్కడున్నా ముందు పచ్చిక పరవడం సర్కారీ ఆచారమైంది. పచ్చిక అంటే గరిక ఒక్కటే ఉండాలి, పువ్వు తల ఎత్తకూడదు. గడ్డిచామంతి అక్కడ కలుపు అయింది.

గడ్డిచామంతి దర్జా వెలిగింది మాత్రం బడిలో. ఇక్కడ కాస్త నింపాదిగా కూర్చుంటాను, సంపాదకుడు ఏమన్నా సరే.

మా కాలంలో పలక అంటే మార్కాపురం రాతి పలక. చుట్టూ చెక్క చట్రం, మూలలకు రేకు ముక్కలు. కొత్తలో నల్లగా నిగనిగలాడేది. బలపం గీతలు, ఉమ్మి తుడుపులు, అరచేతి చెమట పడీ పడీ నెలరోజులకు బూడిదరంగుకు తిరిగేది. అప్పుడు రాసినదేదో, పాత గీత ఏదో సారుకూ తెలిసేది కాదు, మనకూ తెలిసేది కాదు. దానికి మందు బడి వెనకే ఉండేది. అదే గడ్డిచామంతి, దానికి పిల్లలు పెట్టుకున్న పేరే పలకాకు. గుప్పెడు కోసుకొచ్చి, పొయ్యిలోంచి తెచ్చిన బొగ్గుముక్కతో కలిపి పలక మీద గుండ్రంగా రుద్దాలి. ఆకు మీద గరుకు నూగు ఉంటుంది, అది పలక ముఖం తోముతుంది. పసరు బొగ్గుపొడిని పట్టి ఉంచుతుంది. ఎండలో ఆరబెట్టి పొడిబట్టతో తుడిస్తే పలక మళ్లీ కొత్త పెళ్లికూతురు. చేతులకు మిగిలిన ఆకుపచ్చ నలుపు మూడు రోజులు పోయేది కాదు, అన్నంలో ఆ చేదువాసన వచ్చేది. బడి బోర్డుకు కూడా ఇదే అభిషేకం, అదైతే పెద్ద తరగతివాళ్ల హక్కు. చిన్నవాళ్లం ఆకు కోసి అందించే కూలీలం.

ఆ ఆకుతో ఇంకో పని కూడా ఉండేది. గోలీలాటలో మోకాలు చెక్కుకుపోతే రెండాకులు నలిపి పసరు పిండేవాళ్లు. చుర్రుమనేది, నెత్తురు కట్టేది. ప్రయోగశాలల్లో ఎలుకల గాయాల మీద ఈ పసరును పరీక్షించిన శాస్త్రవేత్తలున్నారు. మా మోకాళ్ల మీద పరీక్ష అంతకు ముందే అయిపోయింది. ఇక ఆట: పువ్వు కాడను మెలిపెట్టి ఉచ్చులా బిగించి లాగితే తల టప్పున ఎగిరి పడాలి. ఎవరి తల దూరం పోతే వాడు గెలిచినట్టు. ఇంత సేవ చేసిన మొక్కకు మేం ఇచ్చిన మర్యాద అది.

ఆ తర్వాత రేకు పలకలు వచ్చాయి, ప్లాస్టిక్ పలకలు వచ్చాయి, ఎల్‌కేజీ నుంచే నోటుబుక్కులు వచ్చాయి. మార్కాపురం రాయికి గిరాకీ తగ్గింది, పలకాకు ఉద్యోగం పోయింది.

ఇక్కడి నుంచి కథ చిక్కుపడుతుంది. చామంతి కుటుంబంలోనిదే వయ్యారిభామ, 1950ల నడుమ పుణె దగ్గర కనబడి దేశమంతా అల్లుకుంది. అది ఒంటికి తగిలితే దురద, పుప్పొడి పీలిస్తే ఆయాసం. దాని పాపం గడ్డిచామంతికీ చుట్టుకుని, పసుపో తెలుపో పూసే ప్రతి పిచ్చిమొక్కా పీకేయాల్సిందే అయింది. మరోవైపు పట్టణాల్లో పచ్చిక ఖర్చు పెరిగాక, దాని బదులు పసుపుపచ్చ పూల తీగ వెడెలియాను పరవడం మొదలైంది. సింగపూర్ డైసీ అని పేరే గానీ సొంతూరు మధ్య అమెరికా, కరీబియన్ దీవులు. నీడలో పెరుగుతుంది, కోత అక్కర్లేదు, చూడముచ్చటగా ఉంటుంది. ప్రపంచంలో అతి చెడ్డ 100 దురాక్రమణ జీవుల జాబితాలోనూ ఉంది. కడియం నర్సరీల్లో చాపలా చుట్టి అమ్మే పచ్చికలో మెక్సికన్ గ్రాస్ అనేదొకటి, అది ఆసియా తూర్పు తీరాల జాతి. నిజంగా మెక్సికో నుంచి వచ్చిన గడ్డిచామంతిని మాలి ఆ చాప మీంచి పీకి పారేస్తాడు.

కూసుమంచి దగ్గరి పాలేరు జలాశయం కింది మిరప రైతును అడిగితే గరికకూ మర్యాద ఉండదు. చేన్లో గరిక పడితే దున్నినకొద్దీ ముక్కకో మొక్కవుతుంది. గడ్డిచామంతి నయం, చేత్తో లాగితే వస్తుంది. ఇంటి ముందు మాటకొస్తే లెక్క వేరు. పొద్దస్తమానం ఎండ తగిలే చోట, పిల్లలు తొక్కే చోట గరికకు సాటి లేదు. ఖమ్మం ఎండల్లో పైకి ఎండిపోయినా తొలకరికి కింద నుంచి లేస్తుంది. అయితే వారం వారం కత్తిరించాలి, చెట్టు నీడ పడితే అలుగుతుంది, వేసవిలో పచ్చగా కనబడాలంటే మోటారు వేయాలి. గడ్డిచామంతికి నీళ్లు పెట్టే పని లేదు, దాదాపు ఏడాదంతా పూస్తుంది. గరిక పువ్వుకు గాలి చాలు, సీతాకోకచిలుక అక్కర్లేదు. గడ్డిచామంతి మీద పొద్దున పదింటికి ఎన్ని వాలతాయో చూడండి. నా ఓటు చెప్పమంటే నడిచే చోట గరిక, గోడ వారగా గడ్డిచామంతి. పాకి వస్తుందన్న భయం ఉంటే పూసినప్పుడే తలలు తుంచాలి, ఆ విద్య మాకు బడిలోనే వచ్చు.

మన గరికను అమెరికాలో బెర్ముడా గ్రాస్ అంటారు. టెక్సస్‌లో మనవాళ్ల ఇళ్ల ముందు పరుచుకున్నది చాలాచోట్ల అదే. పువ్వు తల ఎత్తకుండా దాని మీద కలుపుమందు కొట్టిస్తారు. చవితి నాడు గరిక కోసం ఇండియన్ స్టోరుకు కారేసుకుని వెళ్తారు.