ఫాంటసీ వీడియో గేముల్లో కథనం: లీనియర్, ఓపెన్ వరల్డ్

ఫాంటసీ వీడియో గేముల్లో కథ చెప్పే ప్రధాన పద్ధతులు రెండు. లీనియర్ గేములో ఘట్టాల వరుసను రచయితే నిర్ణయిస్తాడు. ఓపెన్ వరల్డ్ గేములో ఎటు వెళ్లాలో, ఏ ఘట్టం ముందు చూడాలో ఆటగాడు ఎంచుకుంటాడు.

పుణెకు చెందిన నోడింగ్ హెడ్స్ గేమ్స్ 2020లో విడుదల చేసిన 'రాజీ: యాన్ ఏన్షియంట్ ఎపిక్' మొదటి కోవది. అసురులు ఎత్తుకుపోయిన తమ్ముడు గోలు కోసం అక్క రాజీ సాగించే వెతుకులాట ఒకే దారిలో నడుస్తుంది. అందుకే ఉత్కంఠ సడలదు.

2011 నాటి 'స్కైరిమ్' రెండో కోవది. ప్రధాన కథను పక్కనపెట్టి ఎంతకాలమైనా ఊళ్లూ గుహలూ తిరగవచ్చు. 'బ్రెత్ ఆఫ్ ద వైల్డ్' (2017)లో కథానాయకుడు లింక్ మరచిన గతం జ్ఞాపకాలుగా దేశమంతా చెదిరి ఉంటుంది. వాటిని ఏ వరుసలోనైనా ఏరుకోవచ్చు. స్వేచ్ఛ పెరిగిన కొద్దీ కథలో బిగి నిలపడం రచయితలకు కష్టమవుతుంది.

కథాకాలాన్ని తారుమారు చేయడం తెలుగువారికి కొత్త కాదు. 16వ శతాబ్దంలో పింగళి సూరన రాయలసీమలోని నంద్యాల కృష్ణమరాజుకు అంకితమిచ్చిన 'కళాపూర్ణోదయం'లో ముందు జరిగిన సంగతులు కొన్ని పాత్రల నోట ఆలస్యంగా తెలుస్తాయి. అయితే ఆ వరుస కవి కూర్చినది. పాఠకుడు దాన్ని మార్చలేడు.