ఇటుక రాయి: పేరు పెట్టిందెవరు, కారణం చెప్పిందెవరు?

రాయి శాశ్వతమని మనలో చాలామంది నమ్మకం. చెరగని మాటకు 'శిలాశాసనం' అని పేరు పెట్టుకున్నాం. కానీ తగినంత వేడి, తగినంత వాన ఉంటే రాయి కూడా శిథిలమవుతుంది. దీన్ని రసాయనిక శైథిల్యం అంటారు. దీని చరిత్రలో ఒక ముఖ్యమైన ఘట్టం మన దేశంలోనే జరిగింది.

1799లో టిప్పు సుల్తాన్ మరణించాక, మైసూరు, కెనరా, మలబారు ప్రాంతాల వివరాలు రాసుకు రమ్మని ఈస్టిండియా కంపెనీ ఫ్రాన్సిస్ బుకానన్ అనే స్కాట్లాండ్ వైద్యుణ్ణి పంపింది. మలబారులోని అంగడిపురం దగ్గర ఆయన ఒక రాయిని చూశాడు. నేలలో ఉన్నంతసేపూ అది మెత్తగా ఉంటుంది, ఇనుప పనిముట్టుతో కోయవచ్చు. బయటికి తీశాక ఇటుకలా గట్టిపడుతుంది. 1807లో అచ్చయిన పుస్తకంలో దానికి 'ల్యాటరైట్' అని పేరు పెట్టాడు. లాటిన్‌లో 'లాటర్' అంటే ఇటుక. స్థానిక భాషల్లో దాన్ని ఇటుక రాయి అనే పిలుస్తారని రాసింది కూడా ఆయనే.

ఇలాంటి విషయాల్లో రెండు వాదనలు వినిపిస్తుంటాయి. తెల్లవాడు వచ్చేదాకా మనకేమీ తెలియదని ఒకటి. మన పూర్వీకులకు అన్నీ తెలుసని మరొకటి. రెండూ తప్పే. అక్కడి పనివాళ్ళు అప్పటికే ఆ రాయిని కోసి వాడుతున్నారు. బుకానన్ ఇచ్చింది వర్ణన, పేరు మాత్రమే. కారణం తర్వాతి కాలపు రసాయనశాస్త్రం చెప్పింది. పరశురాముడు గొడ్డలి విసిరి సముద్రం నుంచి కేరళను తీశాడన్న కథ, ఆ రాయి ఎర్రగా ఎందుకుందో చెప్పలేదు.

వాననీరు గాలిలోని, మట్టిలోని కార్బన్ డయాక్సైడును కలుపుకుని బలహీనమైన ఆమ్లమవుతుంది. అది ఫెల్డ్‌స్పార్ ఖనిజాన్ని బంకమట్టిగా మారుస్తుంది. సోడియం, కాల్షియం, పొటాషియం నీటితో పోతాయి. ఆపైన సిలికా కూడా పోతుంది. సులభంగా కరగని ఇనుము, అల్యూమినియం ఆక్సైడ్లు మిగులుతాయి. జమాఖర్చుల భాషలో ఇది ముగింపు నిల్వ. ఆ ఎరుపు ఇనుప తుప్పుదే.

అందుకే వేడీ వానా రెండూ ఉన్న కేరళ, కొంకణ తీరాల్లో ల్యాటరైట్ విస్తారంగా ఉంది. రాజస్థాన్ ఎడారిలో నీరు చాలదు, లడఖ్‌లో వేడీ చాలదు. అక్కడ రాయి పగలడమే ఎక్కువ. మన తూర్పు కనుమల బాక్సైటుదీ ఇదే లెక్క. అక్కడ నిల్వలో అల్యూమినియం వాటా ఎక్కువ.

1979లో అంగడిపురంలో ఈ నామకరణానికి గుర్తుగా స్మారక ఫలకం పెట్టారు. మంచిదే. అయితే వాడటం తెలియడం వేరు, కారణం తెలియడం వేరు. మొదటిదానికి పేరు తెలియని ఆ పనివాళ్ళను గౌరవిద్దాం. రెండోదానికి 'ఎందుకు?' అని అడిగి, పరీక్షించి చూసినవాళ్ళను గౌరవిద్దాం. ఒకరి ఖాతాలోది మరొకరి ఖాతాలో రాయకపోవడమే నిజాయితీ.