కరువు కూలి, కాలువ పని, క్లౌ దొర

మద్రాసులో ఉండే మనవాళ్ళకు బకింగ్‌హామ్ కాలువ కొత్త కాదు. మైలాపూరు పక్కన పైన రైలు, కింద మురుగు పోతూ కనిపించే కాలువ అదే. ఒకప్పుడు పెదగంజాం నుంచి మద్రాసు మీదుగా మరక్కాణం దాకా ఉప్పు, కట్టెలు వేసుకుని పడవలు ఈ నీటి మీదనే నడిచాయి. కాలువలో కొన్ని భాగాలను కరువు కూలీల చేత తవ్వించారు. వాటిలో ఒంగోలు వైపున మూడు మైళ్ళకు పైబడిన ఒక భాగాన్ని కంట్రాక్టు పట్టి తవ్వించినవాడు వృత్తి రీత్యా కంట్రాక్టరు కాదు. ఆయన అమెరికా నుంచి వచ్చిన బాప్టిస్టు మిషనరీ జాన్ ఎవరెట్ క్లౌ. ఒంగోలు పల్లెల వారికి క్లౌ దొర.

క్లౌ 1836లో న్యూయార్క్ రాష్ట్రంలో పుట్టాడు. యువకుడుగా ఉన్నప్పుడు మిన్నసోటా ప్రాంతంలో భూముల సర్వే పని చేశాడు. గొలుసు పట్టి నేల కొలిచిన ఆ అనుభవం ఇరవై ఏళ్ళ తరువాత మన దేశంలో అక్కరకు వస్తుందని ఆయన అనుకుని ఉండడు. 1865లో భార్య హారియట్‌తో నెల్లూరు చేరి, తెలుగు నేర్చుకుని, 1866లో ఒంగోలులో కాపురం పెట్టాడు. అప్పటికి ఒంగోలు నెల్లూరు జిల్లాలోనిదే. 1867 జనవరి 1న అక్కడ సంఘం స్థాపించిన నాటికి సభ్యులు ఎనిమిది మంది.

ఒంగోలులో ఆయన తెరిచిన బడికి మొదట అగ్రకులాల పిల్లలు వచ్చారు. పెద్దలూ స్నేహంగానే ఉన్నారు. ఇంతలో మాదిగలు రావడం మొదలయింది. వారికి దారి చూపినవాడు యర్రగుంట్ల పేరయ్య. తోళ్ళ వ్యాపారం మీద ఊళ్ళు తిరిగినవాడు, యోగమార్గం తెలిసి శిష్యులున్నవాడు. 1866లోనే బాప్తిస్మం తీసుకుని, తన వాళ్ళందరికీ తానే బోధ చేశాడు. మాదిగలను చేర్చుకుంటే మా పిల్లలను పంపమని పెద్దలు క్లౌకు చెప్పేశారు. వచ్చినవారిని ఆయన కాదనలేదు. బడి ఖాళీ అయింది. ఒంగోలు ప్రాంతపు క్రైస్తవ చరిత్ర మలుపు తిరిగింది అప్పుడే. ఆ మలుపులో పేరయ్య పాలు క్లౌ పాలుకు తక్కువ కాదు.

ధాత నామ సంవత్సరం, అంటే 1876, వానలు లేకుండా పోయింది. ధాత కరువు అని మన ముసలివాళ్ళు చెప్పుకునేది దాన్నే. మద్రాసు రాజధానిలో లక్షల మంది చనిపోయారు. ధాన్యం లేకపోవడం ఒక్కటే కారణం కాదు. ఉన్న ధాన్యం కొనడానికి కూలివాని చేతిలో డబ్బు లేదు. ధాన్యం ఎగుమతిని ప్రభుత్వం ఆపలేదు. 1877 జనవరిలో ఢిల్లీలో దర్బారు వైభవంగా జరిగింది. ఆ నెలలోనే సర్ రిచర్డ్ టెంపుల్ కరువు పనులలో మనిషి దినబత్తెం ఒక పౌను ధాన్యానికి, దాని మీద కొద్ది డబ్బుకు తగ్గించాడు. ఎండలో మన్ను మోసేవానికి అది చాలదని మద్రాసు వైద్యాధికారి కార్నిష్ గట్టిగా వాదించాక, కొన్ని నెలలకు బత్తెం పెంచారు.

సర్కారు పని ఉన్నా మాదిగలకు ఇంకొక చిక్కు ఉండేది. పని మీద మేస్త్రీలు పై కులాల వారు. తిట్టుకూ దెబ్బకూ హద్దు లేదు, కూలి పూర్తిగా చేతికి వస్తుందన్న నమ్మకం లేదు. క్లౌ ఇది గ్రహించి కాలువలో ఒక భాగం కంట్రాక్టు తానే తీసుకున్నాడు. పాకలు వేయించాడు, తాగునీటికి బావులు తవ్వించాడు. మేస్త్రీలుగా తన తెలుగు బోధకులనే నియమించాడు. వేలమంది వచ్చారు. తట్ట దించి కూర్చున్న వేళ ఆ బోధకులే వాళ్ళతో మాట్లాడేవారు. కూలి సరిగా ముట్టింది. తన కులంవాడే మేస్త్రీ అయి తనను పేరు పెట్టి పిలవడం మాదిగ కూలీకి అదే మొదటిసారి అయి ఉంటుంది.

చరిత్రలో తగవు పుట్టేది ఇక్కడే. అన్నం పెట్టి మతం మార్చారనే మాట ఆ రోజులలోనే ఉంది, ఈనాటికీ ఉంది. లెక్కలు చూసే ఉద్యోగం నాది కనుక, ఇలాంటి తగవులో ముందు తేదీలు చూడడం నాకు అలవాటు. 1877 మార్చి నుంచి 1878 జూన్ దాకా, సుమారు పదిహేను నెలలు, క్లౌ ఎవరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. కూలి, సాయం చేతులు మారుతున్న కాలం అదే. అడిగినవారిని ఆగమన్నాడు. సాయం ముగింపుకు వచ్చి, ఇక ఇవ్వడానికి ఏమీ లేదని చెప్పిన తరువాత కూడా జనం వచ్చారు. 1878 జూలై 3న ఒంగోలుకు ఉత్తరాన వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ ఏటిలో ఒక్క రోజున 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఇచ్చినవారు ఆరుగురు తెలుగు బోధకులు, ఒకేసారి ఇద్దరిద్దరుగా ఏటిలో నిలిచి. ఆ సంవత్సరాంతానికి సంఖ్య 9,000 దాటింది.

కరువుకూ ఈ మార్పుకూ సంబంధం లేదని చెప్పడం కూడా నిజం కాదు. కాలువ గట్టు మీద తమను మనుషులుగా చూసినవారిని జనం మరచిపోలేదు. అది కృతజ్ఞత. దాన్ని బేరం అనడం న్యాయం కాదు. ఇచ్చేవాడు ఇస్తున్నంతసేపూ బేరం కుదరనివ్వలేదు. ఆదివారం పని మానాలి, చచ్చిన గొడ్డు మాంసం తినరాదు, విగ్రహాలకు మొక్కరాదు అనే మూడు కట్టుబాట్లకు కట్టుబడినవారు, పల్లెల్లో కరణాల, పెద్దల ఆగ్రహానికి గురయ్యారు. వెట్టికి రామన్న మనిషికి పస్తులు కొత్త కాదు గాని, ఈ పస్తులు కోరి తెచ్చుకున్నవి. ఆ తరువాత చరిత్ర ఇంకొక లెక్క చూపింది. 1950 నాటి షెడ్యూల్డు కులాల ఉత్తర్వులో 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవులను చేర్చలేదు. లాభం కోసమే మారి ఉంటే, ఆ పల్లెల ఖాతాలో నష్టమే ఎక్కువ కనిపిస్తుంది.

క్లౌను దేవుణ్ణి చేయనక్కరలేదు. కాలువ ప్రభుత్వానిది, కూలి డబ్బు ప్రభుత్వానిది, ఆ ప్రభుత్వపు కరువు విధానంలో లోపాలు అనేకం. ఆయన చేసింది ఒకటే. ఇచ్చిన డబ్బు దారిలో మాయం కాకుండా, పనిచేసినవాని చేతికి గౌరవంగా చేరేటట్లు చూశాడు. పేదలకు సేవ అంటే దానం అని మనం అనుకుంటాం. ఆయన దానం కంటే ముందు కూలి ఇచ్చాడు. 1910లో అమెరికాలోని రోచెస్టరులో క్లౌ చనిపోయాడు. ఆయన చెప్పగా భార్య ఎమ్మా రాసిన జీవితకథ 1914లో అచ్చయింది.

పరదేశం నుంచి వచ్చినవారి సేవ అక్కడితో ఆగలేదు. 1860 నుంచి మద్రాసు రేవులో ఓడలెక్కి మన తెలుగు కూలీలు దక్షిణాఫ్రికాలోని నాటాలు చెరకు తోటలకు పోయారు. వారికోసం 1903లో తెలుగు బాప్టిస్టులు నెల్లూరు నుంచి తమవాడైన జాన్ రంగయ్యను మిషనరీగా పంపారు. ఆయన కియర్స్నీలో తెలుగు సంఘం స్థాపించి, 1915లో చనిపోయేదాకా వారి మధ్యనే గడిపాడు. ధాత కరువు నాటికి పాతికేళ్ళు తిరిగేసరికి, పరదేశీయుల సేవ పొందిన తెలుగు సంఘాలే పరదేశంలో కూలి చేసుకునే తమవారికి ఒక మనిషిని పంపగలిగాయి. సొంత గడ్డకు దూరంగా ఉన్న మనవంటి తెలుగువారు గుర్తుంచుకోదగిన మాట ఇది.