మాస్కులు తీసేసిన మధ్యాహ్నం: శాన్ ఫ్రాన్సిస్కో, 1918

మహమ్మారి తగ్గుతోంది అనిపించినప్పుడు ఆంక్షలు ఎప్పుడు ఎత్తేయాలి? 2020లో మనమంతా అడిగిన ప్రశ్నే ఇది. వందేళ్ల క్రితం దీన్ని శాన్ ఫ్రాన్సిస్కో ఎలా ఎదుర్కొందో ఇవాళ చూద్దాం.

1918 సెప్టెంబర్ చివర్లో అక్కడికి స్పానిష్ ఫ్లూ వచ్చింది. వ్యాక్సిన్ లేదు. ఈ జబ్బుకి కారణం వైరస్ అని కూడా అప్పటికి తెలీదు. అక్టోబర్ 18న స్కూళ్లు, థియేటర్లు, డాన్స్ హాళ్లు మూసేశారు. నగర ఆరోగ్యాధికారి డాక్టర్ విలియం హాస్లర్ పట్టుబట్టడంతో అక్టోబర్ చివర్లో మాస్కు తప్పనిసరి చేశారు. పెట్టుకోకపోతే జరిమానా, లేదంటే జైలు.

కేసులు తగ్గాయి. అది మాస్కుల వల్లే అని హాస్లర్ నమ్మాడు. నిజానికి ఆ గాజుగుడ్డ మాస్కులు ఎంత పనిచేశాయన్నది ఇప్పటికీ వాదనే. స్కూళ్లు, థియేటర్లు కూడా మూసే ఉన్నాయి కదా!

నవంబర్ 11న యుద్ధం ఆగింది. 16న థియేటర్లు తెరిచారు. 21న మధ్యాహ్నం 12 గంటలకి ఊరంతా విజిల్ మోగింది. జనం మాస్కులు పీకి రోడ్ల మీద పడేశారు. ఇక అయిపోయింది అనుకున్నారు.

డిసెంబర్‌లో కేసులు మళ్లీ పెరిగాయి. మాస్కులు తిరిగి పెట్టిద్దామని హాస్లర్ అడిగితే వ్యాపారులు ఒప్పుకోలేదు, క్రిస్మస్ బేరాలు పోతాయని. మా స్వేచ్ఛ సంగతేంటని ఇంకొందరు. డిసెంబర్ 19న నగర పాలకమండలి ఆ ప్రతిపాదనని ఓడించింది. చివరికి జనవరి 17న రూల్ తిరిగొచ్చింది. ఈలోపు నెల పోయింది, ప్రాణాలూ పోయాయి. జనవరి 25న యాంటీ మాస్క్ లీగ్ పెద్ద సభే పెట్టింది. ఫిబ్రవరి 1న మాస్కు రూల్ మళ్లీ ఎత్తేశారు.

అదే సమయంలో సెయింట్ లూయిస్ నగరం కూడా తొందరపడింది. నవంబర్ మధ్యలో ఆంక్షలు సడలించింది, కేసులు పెరిగాయి. కానీ అక్కడి ఆరోగ్యాధికారి మ్యాక్స్ స్టార్క్‌లాఫ్ నెలాఖరుకే మళ్లీ మూయించాడు. అమెరికా పెద్ద నగరాల్లో మరణాల రేటు తక్కువగా ఉన్నవాటిలో అదొకటి.

2007లో పరిశోధకులు 43 అమెరికా నగరాల 1918 నాటి రికార్డులు తిరగేశారు. మొదటి విడత ఆంక్షలు అమల్లో ఉండగా రెండోసారి కేసులు ఎగబాకిన నగరం ఒక్కటీ కనబడలేదు. అలాగని ఏళ్లతరబడి మూసి ఉంచలేం. స్కూలు మూస్తే పిల్లల చదువు పోతుంది, కొట్టు మూస్తే కూలీ డబ్బులు పోతాయి.

సాఫ్ట్‌వేర్‌లో ఉన్నప్పుడు మాకో అలవాటు ఉండేది. రోల్‌బ్యాక్ ప్లాన్ లేకుండా రిలీజ్ చేసేవాళ్లం కాదు. తేడా కొడితే ఎవరు, ఏ నంబర్ చూసి వెనక్కి తిప్పాలో ముందే రాసుకునేవాళ్లం. శాన్ ఫ్రాన్సిస్కో విజిల్ వేసింది గానీ ఆ కాగితం రాసుకోలేదు. జనానికి "అయిపోయింది" అని చెప్పేశాక "మళ్లీ మొదలు" అని ఒప్పించడం ఎంత కష్టమో 2021 ఏప్రిల్‌లో మనమూ చూశాం.

అందుకే తలుపు ఎప్పుడు తీయాలన్నది సగం ప్రశ్నే. మళ్లీ ఎప్పుడు వేయాలో కూడా అదే రోజు, అదే ఆర్డర్‌లో చెప్పాలి. మీరేమంటారో కామెంట్లలో రాయండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.