ముందు చక్రాలకీ ఇంజన్ బలం: పికప్ ట్రక్కుల పాత కథ

పోయిన వానాకాలం మా పికప్ పత్తి లోడుతో నల్లరేగడిలో దిగబడింది. వెనక చక్రాలు గిర్రున తిరుగుతున్నాయి, ముందువి ఊరికే చూస్తున్నాయి. "ముందు చక్రాలు కూడా లాగేలా చేయించలేమా రా?" అన్నాడు నాన్న. బీటెక్ చదివినోణ్ణి కదా, నన్నే అడుగుతాడు.

ఈ ప్రశ్న పాతదే. 1931లో ఇండియానాపోలిస్‌లో పుట్టిన మార్మన్-హెరింగ్టన్ కంపెనీ 1935 నుంచి ఫోర్డ్ ట్రక్కుల్ని ఫోర్-వీల్ డ్రైవ్‌గా మార్చింది. 1950ల్లో మినియాపాలిస్‌లోని నాప్కో షెవర్లే, జీఎంసీ బళ్లకి ఏకంగా కిట్టే అమ్మింది.

కిట్ అంటే సాఫ్ట్‌వేర్‌లో ప్లగిన్ తగిలించినట్టు కాదండోయ్. గేర్‌బాక్స్ వెనక ట్రాన్స్‌ఫర్ కేస్ పెట్టాలి, అది బలాన్ని ముందుకీ వెనక్కీ పంచుతుంది. అసలు తిప్పలంతా ముందు ఇరుసుతోనే. అక్కడున్నది ఉత్త ఇనుప దూలం. దాన్ని పీకేసి డిఫరెన్షియల్ ఉన్న ఇరుసు వేయాలి. ఆ చక్రం స్టీరింగ్‌తో పక్కకి తిరగాలి, అదే టైంలో ఇంజన్ బలంతో దొర్లాలి. అందుకే అక్కడ వంగుతూనే తిరిగే జాయింట్ కావాలి. పైగా రెండు ఇరుసుల గేర్ నిష్పత్తీ కలవాలి, లేదంటే ఒకదాంతో ఒకటి కొట్లాడుకుంటాయి.

1957లో షెవర్లే ఆ నాప్కో సామానునే ఫ్యాక్టరీలో బిగించి ఇచ్చింది. 1959లో ఫోర్డ్, 1960లో జీఎం సొంత ఫోర్-వీల్ డ్రైవ్ తెచ్చుకున్నాయి. కిట్ల గిరాకీ పడిపోయింది.

ఇక మన దగ్గర, కంపెనీ స్పెసిఫికేషన్ మారిస్తే మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ అడ్డొస్తుంది. నాన్నకి అదీ చెప్పాను. "సరే, ఈసారికి ట్రాక్టర్‌నే పిలు" అన్నాడు.