గుడ్డిదీపం పుట్టుపూర్వోత్తరాలు

1853 జులై 31 రాత్రి. ఇప్పటి ఉక్రెయిన్‌లోని ల్వీవ్ నగరంలో ఓ రోగికి అప్పటికప్పుడు ఆపరేషన్ చేయవలసి వచ్చింది. కొవ్వొత్తుల వెలుగులో కత్తి పట్టాలంటే వైద్యులు జంకారు. అదే ఊళ్ళో మందుల షాపులో పనిచేసే ఇగ్నాట్సీ వుకషేవిచ్ అప్పటికి కొన్ని నెలలుగా రాతిచమురును బట్టీ పట్టి తేటనూనె తీస్తున్నాడు. రేకుపని చేసే ఒకాయనతో ఆ నూనెకు తగిన దీపం కూడా చేయించాడు. ఆసుపత్రి వాళ్ళు ఆ దీపాలు తెప్పించుకుని ఆపరేషన్ కానిచ్చారు. కిరసనాయిలు దీపం చరిత్రను చాలామంది ఆ రాత్రి నుంచే లెక్కపెడతారు.

అట్లా మందుల షాపులో పుట్టి ఆసుపత్రిలో కొలువు మొదలుపెట్టిన ఆ దీపం మన భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలోని చర్ల, దుమ్ముగూడెం, గుండాల వైపు గూడేలకు చేరేసరికి మళ్ళీ మందుసీసాలోనే వచ్చి కూర్చుంది. దాన్ని చేయడం చూసినవాళ్ళు ఇంకా చాలామందే ఉన్నారు. దగ్గుమందు సీసా ఖాళీ కాగానే కడిగి ఆరబెడతారు. రేకుమూతకు మేకుతో నడిమిట్ల బెజ్జం కొడతారు. సన్నటి రేకుముక్కను గొట్టంలా చుట్టి అందులో దూరుస్తారు. పాత నూలుచీర అంచును పేలిక చించి, పేని, గొట్టంలోంచి కిందికి దించితే వత్తి. సంతలో తెచ్చిన గ్యాసునూనె, అంటే కిరసనాయిలు, సగం సీసా పోసి, వత్తి తడిసేదాకా ఆగి అగ్గిపుల్ల గీస్తే గుడ్డిదీపం సిద్ధం. చిమ్నీ లేదు, గాలికి అడ్డం లేదు. కందిలి కొనే స్తోమతు లేని ఇంట్లో అదే పొయ్యి దగ్గరికి, అదే పశువుల కొట్టంలోకి, అదే పలక ముందుకు.

గ్యాసునూనె రాకముందు ఈ అడవిలో వెలుగంతా చెట్టు నుంచే. వేసవి మొదట్లో ఇప్పపువ్వు రాలుతుంది, వానలు పడే వేళకు కాయ పండి గింజ చేతికొస్తుంది. ఆ పలుకును దంచి, ఆవిరి పట్టి, రెండు కొయ్యల మధ్య అదిమి నూనె తీయడం మధ్యభారతపు ఆదివాసులందరికీ తెలిసిన పనే. తీసిన నూనె కూరకూ అదే, ఒంటికీ అదే, ప్రమిదకూ అదే. చలికాలం పొద్దున చూస్తే గడ్డకట్టి ఉంటుంది. కానుగనూనె చేదు కాబట్టి కూరకు పనికిరాదు, దీపానికే వాడాలి. మైదానం ఊళ్ళలో ఆముదం. ఇక రాత్రి ఇంట్లో అసలు వెలుగు పొయ్యిదే, ప్రమిద దానికి తోడు మాత్రమే. 1956లో పెట్టిన గిరిజన సహకార సంస్థ ఇప్పపలుకూ కానుగగింజా కొనడం మొదలుపెట్టాక వచ్చిన మార్పు ఒకటుంది. గింజ బయటికి అమ్మి, ఆ డబ్బుతో గ్యాసునూనె కొనుక్కోవడం తేలికైంది. ఇది నష్టమా లాభమా అంటే, పలుకు దంచే ఆడవాళ్ళ చేతులనడిగితే లాభమనే చెబుతాయి. చెట్టునూనె పొగ లేనిదని పొగిడేవాళ్ళను నేను పూర్తిగా నమ్మను. గాలి సరిగ్గా ఆడని గుడిసెలో ఏ వత్తి మండినా పొగే.

అయితే కిరసనాయిలు పొగ సంగతి వేరు. వత్తిదీపాల మీద 2012లో అచ్చయిన ఒక పరిశోధన లెక్క ప్రకారం, మండిన నూనెలో 7 నుంచి 9 శాతం నల్లమసిగా మారి గాలిలో కలుస్తుంది. తెల్లారి ముక్కు చీదితే చేతికి అంటే నలుపు అదే. ఆ మసిలో ఊపిరితిత్తుల లోలోపలికి దిగేంత సన్నటి రేణువులు ఉంటాయి. దీపానికి జానెడు దూరంలో పలక పెట్టుకుని చదివే పిల్లవాడు, పొయ్యిపొగా దీపపుపొగా రెండూ పీల్చే తల్లి ముందుగా దెబ్బతింటారు. ఇంట్లో వంటకు గానీ వెలుగుకు గానీ కిరసనాయిలు వాడవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2014 మార్గదర్శకాల్లో చెప్పింది. అప్పటికి ఆ దీపం పుట్టి 160 ఏళ్ళు దాటింది.

పొగ కంటే ముందు నిప్పు ప్రమాదం. సీసా తేలిక, పైన బరువు, మూత వదులు. పిల్లి తగిలినా చాలు ఒరిగిపోతుంది, ఒరిగితే నూనె ఒలుకుతుంది, ఒలికితే చాప అంటుకుంటుంది. శ్రీలంకలో విజయ గోడకుంబుర అనే శస్త్రవైద్యుడు ఇట్లా కాలి వచ్చినవాళ్ళకు చికిత్స చేసీ చేసీ విసిగి, దీపాన్నే మార్చాలనుకున్నాడు. పొట్టిగా, దళసరి గాజుతో, మరమూతతో, ఒరిగినా దొర్లకుండా రెండు పక్కలా చదునుగా ఉండే సీసా తయారుచేయించాడు. దాని ఆకారం ఆయనకు మార్మైట్ అనే తినుబండారం సీసా చూసి తోచింది. పేరు సుదీప. 1998లో ఆయనకు రోలెక్స్ అవార్డు వచ్చింది. గుడ్డిదీపం చరిత్రలో ఓ వైద్యుడు చేసిన గొప్ప మార్పు ఇదే. మన దగ్గర మాత్రం దగ్గుమందు సీసా దగ్గుమందు సీసాలాగే ఉండిపోయింది.

ఇదే జిల్లాలో నేల కింద మరో రకం గుడ్డివెలుగు ఉండేది. భూగర్భ సర్వే శాఖకు చెందిన విలియం కింగ్ 1871లో ఇల్లెందు దగ్గర బొగ్గు కనిపెట్టాడు. 1889లో తవ్వకం మొదలైంది. 1920లో ఆ బొగ్గు తవ్వే కంపెనీకి సింగరేణి పేరు వచ్చింది. అక్కడ బొగ్గు పైకి రావడానికి ముందే బ్రిటన్ గనుల్లో ఒక విచిత్రమైన జబ్బు బయటపడింది. ఏళ్ళ తరబడి మసక వెలుగులో పనిచేసిన కార్మికుల కనుగుడ్లు వాటంతట అవే వణికేవి. చూసే వస్తువులు ఊగినట్టు కనిపించేవి, తల తిరిగేది, మెట్లు దిగలేకపోయేవారు. కంటిమధ్యలో చూపు నిలిపే భాగం బాగా మసకలో పనిచేయదు. అందువల్ల చూపు ఒకచోట నిలబడే అలవాటే తప్పుతుందని వైద్యులు భావించారు. పేలుడు వాయువుల భయంతో 1815లో మంటకు జాలీ చుట్టి చేసిన డేవీ దీపం ప్రాణాలు కాపాడిన మాట నిజమే. కానీ ఆ జాలీ ఉన్న కాస్త వెలుగునూ తగ్గించింది. 1907లో బ్రిటన్ ఈ కంటివణుకును నష్టపరిహారం ఇవ్వాల్సిన జబ్బుల్లో చేర్చింది. తలకు పెట్టుకునే కరెంటు దీపం వచ్చాక ఆ జబ్బు దాదాపు కనుమరుగైంది. మందు వేయకుండా, దీపం మార్చి పోగొట్టిన జబ్బు ఇది.

సింగరేణి గనిలోకి దిగేముందు కార్మికుడు ల్యాంప్‌రూమ్ కిటికీ దగ్గర బిళ్ళ ఇచ్చి టోపీలైటు తీసుకుంటాడు. షిఫ్టు అయిపోయాక లైటు వెనక్కి రాకపోతే మనిషి కింద ఉన్నట్టు లెక్క. వెతుకులాట అక్కడి నుంచే మొదలవుతుంది.

సింగరేణి బొగ్గుతోనే 1966-67లో పాల్వంచలో కొత్తగూడెం థర్మల్ కేంద్రం తొలి యూనిట్లు నడిచాయి. అప్పట్లో ఖమ్మం జిల్లాలోదే అయిన మోతుగూడెం దగ్గర 1976-78 మధ్య దిగువ సీలేరు కేంద్రం వచ్చింది, 460 మెగావాట్లు. హైదరాబాదు వీధిదీపాలకు ఈ అడవి బొగ్గూ ఈ అడవి నీళ్ళూ వెలుగునిచ్చాయి. హైటెన్షన్ తీగలు గూడేల నెత్తిమీదుగానే పోయాయి. వాటి కింద ఏళ్ళకేళ్ళు గుడ్డిదీపమే మినుకుమినుకుమంది. కరెంటు రాని గూడెంలో రాత్రి బయటికి వెళ్ళాలంటే ప్రాణాన్ని అరచేతిలో పెట్టుకున్నట్టే. కట్లపాము తిరిగేది రాత్రుల్లోనే, కాటేసేది ఎక్కువగా నేలమీద పడుకున్నవాళ్ళనే. ఇప్పపువ్వుకు తెల్లవారుజామునే పోవాలి, అదే వేళకు ఎలుగుబంటికీ ఆ పువ్వే కావాలి. వెలుగు వల్ల ఆరోగ్యం అంటే ఇక్కడ ముందుగా అర్థమయ్యేది ఇదే. కాలు ఎక్కడ పెడుతున్నామో కనబడటం.

చూపు విషయంలో దీపం చేయలేనిది కూడా ఒకటుంది. పేద పిల్లల్లో రేచీకటి ఎక్కువగా ఉండే రోజుల్లో ఎంత పెద్ద కందిలి పెట్టినా వాళ్ళకు సాయంత్రం దారి కనబడేది కాదు. లోపం వెలుగులో లేదు, తిండిలో ఎ విటమిన్ లేదు. ఆరునెలలకోసారి ఒక పెద్ద మోతాదు నోట్లో పోస్తే చాలని హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ చూపించింది. 1970లో అది జాతీయ కార్యక్రమమైంది.

మరి ఎల్‌ఈడీ వచ్చాక కథ సుఖాంతమైందా? పొగ పోయింది, మంట పోయింది. 2015 జనవరిలో మొదలైన ఉజాలా పథకం కింద దేశంలో 36 కోట్లకు పైగా బల్బులు పంచారు. వాటి వెనక ఉన్న నీలి ఎల్‌ఈడీకి 2014లో భౌతికశాస్త్రంలో నోబెల్ దక్కింది. ఆ నీలిరంగు దగ్గరే కొత్త పేచీ.

కంట్లో చూడటానికి పనికొచ్చే కణాలు కాక, పగలో రేయో మెదడుకు కబురు పంపే కణాలు వేరే ఉన్నాయని 2002లో తేలింది. వాటిని బాగా కదిపేది నీలివెలుగు, 446 నుంచి 477 నానోమీటర్ల మధ్యది. ఆ వెలుగు సోకినంతసేపూ నిద్రకు సిద్ధం చేసే మెలటోనిన్ ఊరడం తగ్గుతుంది. గుడ్డిదీపం నుంచి మీటరు దూరంలో పడే వెలుగు మహా అయితే రెండు మూడు లక్సులు, అదీ ఎర్రపసుపు రంగుది. నిండు పున్నమి వెన్నెల అర లక్సు కూడా ఉండదు. ఎండలో నిలబడితే లక్ష లక్సులు, మబ్బుపట్టిన పగలు కూడా వేలల్లో ఉంటుంది. పగలంతా పోడుచేలో, రాత్రి మినుకుదీపం ముందు గడిపినవాడి ఒంటికి పగలుకూ రాత్రికీ తేడా తెలియడంలో సందేహమే లేదు. పొగ సంగతి పక్కనపెడితే ఆ ఒక్క విషయంలో గుడ్డిదీపానిదే పైచేయి.

అట్లాగని పాతకాలపు నిద్రను ఆకాశానికెత్తడం తగదు. అర్జెంటీనాలో ఒకే తెగకు చెందిన కోమ్ జనాన్ని 2015లో పరిశీలిస్తే, కరెంటున్న ఊరివాళ్ళు కరెంటులేని ఊరివాళ్ళకంటే 40 నిమిషాల నుంచి గంటదాకా తక్కువ నిద్రపోతున్నారని తేలింది. అదే ఏడాది ఆఫ్రికా, దక్షిణ అమెరికాల్లో కరెంటు లేని మూడు తెగలను చూస్తే వాళ్ళు నిద్రపోయేది 5.7 నుంచి 7.1 గంటలే. మనకంటే ఎక్కువేం కాదు. పొద్దుగూకగానే పడుకునేవాళ్ళూ కాదు, మూడు గంటలు ఆగి పడుకునేవాళ్ళు. తేడా ఎక్కడంటే నిద్రపట్టని బాధ వాళ్ళలో చాలా తక్కువ.

ఈ అడవి అంచున అసలు దెబ్బ తగిలేది రాత్రి షిఫ్టు మనిషికి. కొత్తగూడెం, మణుగూరు గనులు, సారపాక కాగితం మిల్లు, అశ్వాపురం భారజల కర్మాగారం, థర్మల్ కేంద్రాలు అన్నీ ఇరవై నాలుగ్గంటలూ నడిచేవే. రాత్రంతా ఓపెన్‌కాస్టు ఫ్లడ్‌లైట్ల కింద డంపర్ నడిపి, తెల్లారి ఎండ మొహాన కొడుతుండగా ఇంటికొచ్చి పడుకునేవాడి ఒంట్లో గడియారం ఏ పొద్దుకు తిరగాలో తేల్చుకోలేదు. రాత్రి షిఫ్టు పనిని ‘బహుశా కాన్సర్ కారకం’ వర్గంలో అంతర్జాతీయ కాన్సర్ పరిశోధన సంస్థ 2007లో చేర్చింది, 2019లో మళ్ళీ పరిశీలించి అక్కడే ఉంచింది. షిఫ్టు తప్పనివాళ్ళకు చేతిలో ఉన్న ఉపాయాలు రెండే. ఇంటికొచ్చేదారిలో నల్లద్దాలు, పడక గదికి దళసరి తెర. నీలివెలుగు ఆపుతామని అమ్మే ఖరీదైన కళ్ళజోళ్ళ వల్ల కంటి అలసట బహుశా తగ్గదని 2023లో కాక్రేన్ సమీక్ష తేల్చింది. ఆ డబ్బు తెరగుడ్డకు పెట్టండి.

ఆ నీలివెలుగే మరోచోట ప్రాణం పోస్తుంది. 1956లో ఇంగ్లండులోని రోచ్‌ఫర్డ్ ఆసుపత్రిలో జీన్ వార్డ్ అనే నర్సు పసికందులను ఎండలో తిప్పేది. ఒక బిడ్డకు గుడ్డ కప్పిన మేర పచ్చగా ఉండి, ఎండ తగిలినచోట కామెర్లు విరగడాన్ని గమనించింది. రెండేళ్ళకు నీలి దీపాలతో వైద్యం మొదలైంది. ఈనాడు నవజాత శిశువుల విభాగాల్లో కామెర్ల బిడ్డను కళ్ళకు గంతలు కట్టి పడుకోబెట్టేది ఆ వెలుగు కిందే. రాత్రి మన నిద్ర చెడగొట్టేదీ బిడ్డ నెత్తుట్లోని పసరును కరిగించేదీ దాదాపు ఒకే రంగు.

ఇక కరెంటు చేరక మిగిలింది గొత్తికోయల గూడేలు. 2005 తర్వాత ఛత్తీస్‌గఢ్ నుంచి చెదిరి వచ్చినవాళ్ళు రిజర్వు అడవిలో వేసుకున్న గుడిసెలవి. అడవి చట్టం అడ్డుపడి వాటిలో చాలావాటికి స్తంభం రాదు. అక్కడికి వెలుగు సోలార్ దీపంగానే చేరుతోంది, అధికారులో స్వచ్ఛంద సంస్థలో ఇస్తే. అది మంచి పని. అయితే సోలార్ పలక పాతికేళ్ళు పనిచేసినా బ్యాటరీ రెండు మూడేళ్ళకే చచ్చిపోతుంది. చచ్చిన రోజు నుంచి ఆ ఇంట్లో మళ్ళీ మందుసీసా, మళ్ళీ వత్తి. దీపాలు పంచాలనుకునే పెద్దమనసున్నవాళ్ళకు ఒక మనవి. పది దీపాలు ఇచ్చే డబ్బుంటే ఎనిమిదే ఇవ్వండి, మిగిలిన దాంతో బ్యాటరీలు కొనిపెట్టి, మార్చడం ఆ గూడెం పిల్లల్లో ఒకరికి నేర్పండి. బల్బు మాత్రం కాస్త పసుపుగా ఉన్నది, 2700 కెల్విన్‌ది, అడిగి తీసుకోండి. అడక్కపోతే కొట్టువాడు 6500ది చేతిలో పెడతాడు.